ఎర్రదుమ్ములో పొర్లిన నీటికుక్క

కొండ మీది కొత్తవాగులో నీళ్లు అడుగున రాళ్లు కనబడేంత తేటగా పారేవి. ఆ రాళ్ల సందుల్లోనే చేపలు గుడ్లు పెట్టేవి. అక్కడే ఒక రాతి కింద పైడమ్మ అనే ఎండ్రకాయ కాపురం.

ఒకనాటి ఉదయం లకుముకి పిట్ట నీలాలు ఎగురుకుంటూ వచ్చింది.

"అత్తా, కొండకవతల పాతవాగు పాడైపోయింది. తడి గొంగళి కప్పినట్టు రాళ్లన్నిటికీ పాచి పట్టేసింది. దాని కింద పురుగులు చచ్చాయి, పురుగులు లేక చేపలు పోయాయి. ఎవరి ఒంటికో అంటుకుని వచ్చిందట. చిటికెడు తడి ముక్క చాలట."

"ఎండితే?"

"చస్తుందట. కానీ బాగా ఎండాలి, రెండు రోజులైనా పడుతుందని కొంగ చెప్పింది."

అంతలోనే గట్టు దిగి కంబళయ్య వచ్చాడు. పాతవాగు నీటికుక్క. ఒళ్లంతా దట్టమైన బొచ్చు, ఆకలికి డొక్కలు లోపలికి పోయాయి.

నీటికుక్కలు ఎండ్రకాయల్ని పెంకుతో సహా నమిలేస్తాయి. అయినా పైడమ్మ రాయి మీదికెక్కింది.

"రా మావా. తడి బొచ్చుతో దిగుతావా ఏమిటి? మా చేపలు మహా గడుసువి. పాతవాగు వాసన తగిలితే పది రోజులు రాళ్ల కిందనుంచి బయటికి రావు."

"తడెక్కడిది? కొండెక్కి వచ్చేసరికే ఆరిపోయింది."

"అయితే ఆ ఎర్రదుమ్ములో ఒక పొర్లు పొర్లు. దుమ్ము అంటకపోతే నువ్వన్నదే నిజం."

తన మాట నెగ్గాలని కంబళయ్య పొర్లాడు. లేచేసరికి ఇటుకబట్టీలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక నీలాలు తల తిప్పుకుంది.

"ఎంతసేపు ఆరాలి?" అన్నాడు నీరసంగా.

"రెండు రోజులు."

"అప్పటికి ప్రాణం పోతుంది నాకు."

"మా దగ్గరికొచ్చినవాణ్ణి పస్తు పెడతామా? నీలాలు చేపలు తెచ్చిపెడుతుంది. నువ్వు బండ మీద పడుకో, చాలు."

రెండు రోజులూ రెక్కలు నొప్పెట్టేదాకా నీలాలు చేపపిల్లలు తెచ్చి పడేసింది. కంబళయ్య తింటూ, అటూ ఇటూ దొర్లుతూ ఎండ కాచుకున్నాడు. రెండో రోజు పొద్దువాలేవేళ ఇక చాలంటూ లేచాడు.

"ఒక్కసారి చూడనీ మావా" అని పైడమ్మ అతని ఒంటి మీదికెక్కింది. డెక్కలతో బొచ్చు పాయలు తీస్తూ వెతికింది. వీపు పొడిగా ఉంది, తోక పొడిగా ఉంది. చంక కింద మాత్రం చల్లగా తగిలింది. పట్టి లాగితే తడి దూదిలాంటి గోధుమరంగు ముద్ద ఊడివచ్చింది.

కంబళయ్య వంగి దాన్ని మూతితో కదిపి చూశాడు.

"మా వాగును మింగింది ఇదే."

"అవును మావా."

"మరి చేపలకు వాసన తగులుతుందన్నావు?"

"అబద్ధం. ఆకలితో వచ్చావు. నిజం చెబితే ఆగవేమోనని భయపడ్డాను."

అలా అన్నాకగానీ తను సరిగ్గా అతని నోటి ముందున్న సంగతి పైడమ్మ గమనించలేదు. కంబళయ్య నోరు తెరిచాడు. గట్టిగా ఊపిరి వదిలాడు.

"నేనే మోసుకొచ్చానన్నమాట. ఇది నీళ్లలో పడుంటే ఇంకెక్కడికి పోయేవాణ్ణి? ఈ కొండకు ఇంకో వాగు లేదు. ఇకమీదట మావాళ్లెవరొచ్చినా గట్టు దగ్గరే నేను ఆపుతాను."

చంకకు ఎండ తగిలేలా చెయ్యెత్తి మళ్లీ బండ మీద పడుకున్నాడు. ఇంకో రెండు రోజులు గడిచాయి. పక్కన పడేసిన ముద్ద బూడిదరంగు కాగితంలా ఎండి పెళపెళలాడింది. పైడమ్మ ఎంత వెతికినా బొచ్చులో తడి దొరకలేదు. అప్పుడు కంబళయ్య నీళ్లలోకి దిగాడు.

కొన్నాళ్లు పైడమ్మ రోజూ అడుగున నడిచి రాళ్లను ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నీ నున్నగానే ఉన్నాయి. చేపగుడ్లు పగిలి పిల్లలు బారులు తీరి ఈదడం చూశాక ఆమె మనసు కుదుటపడింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నమే రాతి కింద ఒళ్లు మరచి నిద్రపోయింది.

వేరే నీళ్లలో దిగబోయేవాళ్లు ముందు తమ ఒంటి తడిని ఒడ్డునే ఆరబెట్టుకోవాలి.