సుంకమ్మ ఇంటి తలుపు

మఠంలో అయ్యవారి ముందు కూర్చున్నాడే గానీ ఎస్సై నంజుండప్పకు కుదురు లేదు. నేతపనివాళ్ళు స్టేషన్ ముందు బైఠాయించారు. పైఅధికారి సంజాయిషీ అడిగాడు. తానేదో ఘోరం చేసినట్టు ఊరంతా తన మీద పడుతోందని అతని ఉక్రోషం.

అయ్యవారి పేరు చెన్నబసవయ్య. చిన్నప్పుడు నంజుండప్ప చేత అక్షరాలు దిద్దించిందీ, మెడలో లింగం కట్టిందీ ఆయనే. ఇప్పటికీ మనసు బాగాలేకపోతే యూనిఫాంతోనే వచ్చి ఆయన ముందు చాప మీద కూర్చుంటాడు.

"జరిగింది చెప్పు" అన్నారు అయ్యవారు.

ఒక పట్టు వ్యాపారి ఇంట్లో పట్టునూలు పోయింది. మగ్గం నేసే ఎర్రిస్వామి మీద తనకు అనుమానమని వ్యాపారి చెప్పాడు. మర్నాడు పొద్దున, అతను అక్కడ దాక్కుని ఉంటాడని, నంజుండప్ప పోలీసులను వెంటేసుకుని ఎర్రిస్వామి చెల్లెలు సుంకమ్మ ఇంటి మీదికి వెళ్ళాడు. తలుపు తట్టాడు. "ఉండండి, బిడ్డకు పాలిస్తావున్నా" అంది లోపల్నుంచి సుంకమ్మ. ఉండలేదు. బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. పాత చెక్క, చీలి పడిపోయింది. పచ్చి బాలింత పైట సర్దుకుంటూ గోడకు అతుక్కుపోయింది. వీళ్ళు పెట్టె బోర్లించారు, బట్టలు వీధిలోకి విసిరారు, చివరికి బిడ్డ ఉయ్యాల గుడ్డ కూడా దులిపి చూశారు. ఎర్రిస్వామీ లేడు, నూలూ లేదు.

వింటుంటేనే ఒళ్ళు మండిపోయే సంగతి. నంజుండప్ప మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"వారంటు కోసం కూర్చుంటే దొంగలు దొరుకుతారా సామీ?" అని అడిగాడు ఆఖరున.

"కోర్టు ఎంత దూరమప్పా?"

"స్టేషన్‌కు ఎదురుగానే."

"నూలు పోయింది ఎప్పుడు?"

"ముందురోజు."

"ఆ వ్యాపారి ఇంటికి కూడా పోయింటివి కదా, ఫిర్యాదు రాసుకునేకి. ఆ తలుపు ఎట్ల తెరిపించినావు?"

"బెల్లు కొట్టినా సామీ."

"ఆయప్ప వచ్చి తీసేదాకా?"

"నిలబడుకోనుంటి. బూట్లు బయటే విడిచినా."

అయ్యవారి ముఖం ఎర్రబడింది. ఆయనకు అంత కోపం రావడం నంజుండప్ప ఎప్పుడూ చూడలేదు. తిడతారనుకున్నాడు. తిట్టలేదు.

"రేపు పొద్దున నాతో భిక్షకు రా. ఈ ఖాకీ గుడ్డలు వద్దు" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మఠానికి పొలాలున్నా అయ్యవారు భిక్ష మానలేదు. ప్రతి ఇంటి ముందూ గంట మోగించి వీధిలోనే నిలబడతారు. పిలిస్తే గడప దాకా వెళతారు, పిలవకపోతే పక్కింటికి నడుస్తారు. తలుపులు బార్లా తీసి ఉన్నా అంతే. జోలె మోసుకుంటూ ఎండలో ఆయన వెనక తిరగడం నంజుండప్పకు ఒళ్ళుమంటగా ఉంది.

"ఈ ఊర్లో మిమ్మల్ని కాదనేవాళ్ళు ఎవరుండారు సామీ? లోపలికే పోదాం పదండి."

"వాళ్ళ ఇల్లప్పా" అన్నారాయన.

తిప్పమ్మ ఇల్లు వచ్చింది. ముసలామె, కొడుకు పనికి పోతే ఒంటరిగా ఉంటుంది. లోపల గడియ పెట్టి ఉంది. అయ్యవారు గంట మోగించారు. జవాబుగా ఎవరో ఊపిరాడక దగ్గిన చప్పుడు. తలుపు సందులోంచి నల్లటి పొగ వస్తోంది.

అయ్యవారు రెండోసారి గంట కొట్టలేదు. దాన్ని అక్కడే పారేసి భుజంతో తలుపును గుద్దారు. నంజుండప్ప కూడా భుజం కలిపాడు. తలుపు ఊడి లోపలికి పడింది. పొయ్యి మీద నూనె అంటుకుని పక్కనున్న గోనెలు కాలుతున్నాయి. అయ్యవారు ముసలామెను చేతుల మీద ఎత్తుకుని బయటికి వచ్చారు. నంజుండప్ప తడి దుప్పటి కప్పి మంట ఆర్పాడు. చేతులు కాల్చుకున్నాడు కూడా. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

తిప్పమ్మను ఎదురింటి అరుగు మీద పడుకోబెట్టి, నీళ్ళు పట్టించి, ఆమె కళ్ళు తెరిచాక అయ్యవారు వెనక్కి వచ్చారు. నంజుండప్ప ఇంకా లోపలే ఉన్నాడు. బీరువా తీసి గుడ్డల మధ్య చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు.

"ఏం చేస్తావున్నావు?"

"ఈమె కొడుకు కర్ణాటక మందు తెచ్చి అమ్ముతాడని అనుమానం సామీ. ఎట్లాగూ లోపలికి వచ్చినాం కదా."

"మనం మంట కోసం వచ్చినాం. మంట బీరువాలో ఉందా?"

నంజుండప్పకు రోషం వచ్చింది. "తలుపు పగలగొట్టింది మీరే కదా సామీ! మీకో న్యాయం, నాకో న్యాయమా?"

"బయటికి రా!"

నంజుండప్ప బీరువా మూసి బయటికి వచ్చాడు.

అయ్యవారు ఒకణ్ణి తలుపు బిగించే వడ్లాయన కోసం పంపారు. తర్వాత ఆ ఖాళీ గుమ్మంలో, ఇంటికి వీపు పెట్టి, అడ్డంగా కూర్చున్నారు. కావిబట్ట మసి కొట్టుకుపోయింది. గుద్దుకున్న భుజం వాచింది.

"పక్కకు జరగండి సామీ. లోపల సరుకు ఉంటే?"

"ఉంటే ఉండనీ. కోర్టు మీ స్టేషన్‌కు ఎదురుగానే కదా, పోయి వారంటు కాగితం పట్టుకోని రా. అంతదాకా ఇందులోంచి ఏదీ బయటికి పోదు. ఎవడూ లోపలికి పోడు."

"ఈ ఎండలో ఎంతసేపని కూర్చుంటారు?"

"తలుపు పెట్టేదాకా. పగలగొట్టింది నేనే కదప్పా."

నంజుండప్ప ఆయన భుజం వైపు చూశాడు. కాలిన తన చేతుల వైపు చూసుకున్నాడు. జోలె ఆయన పక్కన పెట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కోర్టు వైపు వెళ్ళలేదు. బజారులో ఇంకో వడ్లాయనను పిలుచుకుని, కొత్త తలుపు ఒక బండి మీద వేయించుకుని నేతవాళ్ళ వీధికి వెళ్ళాడు. అరుగుల మీది ఆడవాళ్ళు అతన్ని చూడగానే లేచి లోపలికి వెళ్ళిపోయారు.

సుంకమ్మ ఇంటి గుమ్మానికి పాత చీర అడ్డం కట్టి ఉంది. గాలికి లేవకుండా కింద రాళ్ళు పెట్టారు. ఇన్ని రాత్రులు ఆ బాలింత బిడ్డను పెట్టుకుని ఈ చీర వెనకే పడుకుందని తలుచుకునేసరికి అతనికి చచ్చేంత సిగ్గేసింది.

వీధిలోనే ఆగాడు.

"అమ్మా సుంకమ్మా, తలుపు పెట్టించేకి వచ్చినా. లోపలికి రావచ్చునా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"వడ్లాయప్పను రమ్మను. నువ్వు వద్దు."

వడ్లాయన రాళ్ళు జరిపి, చీర పక్కకు తీసుకుని లోపలికి వెళ్ళాడు. నంజుండప్ప వీధిలోనే నిలబడ్డాడు.