మరిడమ్మ ఇచ్చిన నిప్పు

అనగనగా అంటే ఎప్పుడో అని లెక్కలు కట్టకండి. సముద్రం ఇప్పటికన్నా ఊరికి ఇంకాస్త దగ్గరగా ఉండి, అరుగుల మీద మాటలు కూడా వినే కాలం అది. ఆ కాలంలో మొగలిరేవు అని ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో పేలాలు వేపే మరిడమ్మ.

ఆమెకి మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఉన్నదల్లా ఒక పాక, పాక ముందు ఒక పొయ్యి, పొయ్యి మీద ఇసక పోసిన మంగలం. పొద్దస్తమానం ఆ వేడి ఇసకలో జొన్నలు పోసి పేలాలు వేపేది. అందుకని ఆ పొయ్యి ఎప్పుడూ ఆరేది కాదు. రాత్రి బూడిద కప్పి పడుకుంటే తెల్లారి మళ్ళీ కణకణలాడుతూ లేచేది.

ఊరికి అదే పెద్ద సుఖం. అప్పుడు అగ్గిపెట్టెలు లేవు. చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించేసరికి చేతులు పడిపోయేవి. అంత అవస్థ ఎందుకు, మరిడమ్మ ఉందిగా. తెల్లారేసరికి ఎవరికి వాళ్ళు ఒక పిడక పట్టుకొచ్చి, "మరిడమ్మా, కాస్త నిప్పు" అనేవాళ్ళు. ఆమె పిడక మీద రెండు కణికలు వేసి పంపేది. ఎందుకని అడిగేది కాదు. అలా అడగడం పక్కవాళ్ళ పొయ్యిలోకి తొంగి చూడడమేనని ఆ ఊరి మర్యాద. పడవవాళ్ళు అడిగారు, ఇచ్చింది. షావుకారు భార్య అడిగింది, ఇచ్చింది. పూజారి అడిగాడు, ఇచ్చింది. అడిగితే ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

ఆమెకి ఒక మేనల్లుడున్నాడు, తమ్ముడి కొడుకు. పేరు బంగారయ్య. తల్లీ తండ్రీ పోతే తనే తెచ్చుకుని పెంచింది. "నేను పోతే తలకొరివి పెట్టడానికి వీడున్నాడు" అని వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకుని మురిసిపోయేది. పిల్లల్లేని ముసలిదానికి ఇంక కావలసిందేముంది? ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె బతుకు నడిచింది.

ఆ ఊరి చివర ఒక వీధి నిండా యూదులుండేవాళ్ళు. ఎప్పుడో ఓడల మీద వచ్చారు. ఓడలు వెళ్ళిపోయాయి, వీళ్ళు ఉండిపోయారు. బట్టలకి అద్దకం వేసి బతికేవాళ్ళు. బేరాలాడినా తెలుగులోనే, తిట్టుకున్నా తెలుగులోనే. వీధి మధ్యలో తాటాకు కప్పిన ప్రార్థన ఇల్లు. వాళ్ళ దేవుడి పట్నం పడమటి దిక్కున, ఎడారులకి అవతల ఉందట. అందుకని పడమటికి తిరిగి నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు. మన సముద్రమేమో తూర్పునుంది. అందువల్ల సముద్రం వాళ్ళ వీపు వెనకాల ఉండేది, అంతే.

వాళ్ళకి ఇంకో నియమం ఉంది. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం రాత్రి మొదలయ్యేదాకా నిప్పు రాజెయ్యరు. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనబడగానే లేయమ్మ అనే ఆవిడ పిడక పట్టుకుని వచ్చేది. "గట్టిగా రాజుకున్నవి చూసి వెయ్యి మరిడమ్మా, ఒకరోజు ఆకలి మీదున్నాయి మా పొయ్యిలు" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. గుప్పెడు పేలాలు నోట్లో వేసుకుని, ఆ నిప్పుతో వీధి వీధంతా వెలిగించుకునేది.

ఇలా ఉండగా ఒక ఏడు సముద్రంలో చేప పోయింది. వలలు వేసినవాళ్ళు నాచు పట్టుకుని తిరిగొచ్చారు. ఆ ఊళ్ళో పోతురాజు అని పెద్ద నావల ఆసామి ఉన్నాడు. ఆయన రేవులో కూర్చుని ఒక మాట అన్నాడు. "చేప ఎందుకు పోదూ? యూదులు రోజూ మన సముద్రానికి వీపు చూపిస్తుంటే." మరిడమ్మ అది విని పడీ పడీ నవ్వింది.

తర్వాత ఊరి బావిలో నీళ్ళు ఉప్పగా మారాయి. "అదీ వాళ్ళ పనే" అన్నాడు పోతురాజు. ఈసారి మరిడమ్మ నవ్వలేదు, ఊరుకుంది.

తర్వాత పడవవాళ్ళ ఇళ్ళలో పసిపిల్లలకి జ్వరాలొచ్చాయి. "అదీ వాళ్ళ పనే" అన్నాడు పోతురాజు. పేలాలు కొనడానికొచ్చిన ఒకావిడ, "నిజమేనంటావా మరిడమ్మా?" అని అడిగింది. మరిడమ్మ ఇసక కలుపుతూ, "ఏమో" అంది. వారం వారం లేయమ్మతో కూర్చుని నవ్వే మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు. నోరు ఒక్కోసారి అలా జారుతుంది.

ఆ శనివారం మిట్టమధ్యాహ్నం బంగారయ్య వచ్చాడు. వెనక ఇద్దరు స్నేహితులు. ముగ్గురూ పోతురాజు నావ మీద పనివాళ్ళే. "అత్తా, కాస్త నిప్పు" అన్నాడు. మేనల్లుడు కదా, ఆమె పొయ్యి ఎగదోసి, అన్నిటికన్నా ఎర్రటి కణికలు ఏరి పిడక మీద పెట్టింది. అడిగాడు, ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

కాసేపటికి ఊరి చివర పొగ లేచింది. యూదుల వీధిలో శనివారం పొగేమిటా అనుకుని ఆమె కడవ ఎత్తుకుని పరిగెత్తింది. వెళ్ళేసరికి ప్రార్థన ఇంటి కప్పు కూలిపోయింది. ఎజ్రా తాత అనే పెద్దాయన మంటల్లోకి దూరి వాళ్ళ పవిత్ర గ్రంథం బయటికి తెచ్చాడట. గ్రంథం ఆయన ఒళ్ళో ఉంది. చేతులు మాత్రం చూడలేకపోయింది. కడవ ఆమె చేతిలోంచి జారి పగిలింది.

వీధి మొదట్లో ఊరివాళ్ళు గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ నీళ్ళు తేలేదు. ఆ గుంపులోంచి బంగారయ్య పిలిచాడు. "చూశావా అత్తా, నీ పొయ్యి నిప్పే నిప్పు. ఒక్క విసురుకి అందుకుంది." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెళ్ళివారింట్లో వంట బాగుందంటే నవ్వుతారే, అలా. మరిడమ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. అందరూ రోజూ తన గుమ్మంలో నిలబడేవాళ్ళే.

సాయంత్రమైంది. మూడు చుక్కలూ పొడిచాయి. లేయమ్మ రాలేదు. మరిడమ్మ ఉండబట్టలేక తనే వెళ్ళింది. వీధి చీకటిగా ఉంది. లేయమ్మ గుమ్మంలోనే ఉండి, లోపలికి రమ్మనలేదు.

"నిప్పుకి రాలేదేం లేయమ్మా?"

"ఈ పూట మా వీధిలో ఎవ్వరం రాజెయ్యం. నిప్పంటే పిల్లలు ఏడుస్తున్నారు."

ఆ నిప్పు నాదే అని చెబుదామనుకుంది. చెప్పకుండానే ఇంటికొచ్చి, కడవెడు నీళ్ళు తెచ్చి, ఏనాడూ ఆరని తన పొయ్యిలో పోసింది. అది బుస్సుమని ఆరిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి ఊరంతా పిడకలు పట్టుకుని వచ్చి చూస్తే ఏముంది, తడి బూడిద. పక్కన మరిడమ్మ. "నిప్పు లేదు, పొండి" అంది. జనం అలవాటు లేని చెకుముకి రాళ్ళు వెతికి కొట్టుకునేసరికి పొద్దెక్కింది. కొండ మీద కోటలో రాజు మేడెక్కి చూస్తే మొగలిరేవు మీద ఒక్క పొగ లేదు. ఊరు ఊరంతా చచ్చిపోయిందేమోనని ఆయన గుర్రమెక్కి దిగొచ్చాడు. వచ్చి కాలిన ప్రార్థన ఇల్లు చూశాడు. ఎజ్రా తాత చేతులు చూశాడు. రేవులో అందరినీ పోగుచేశాడు.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు.

మళ్ళీ అడిగాడు. పోతురాజు ముందుకొచ్చి, "వాళ్ళ దీపమే పడి అంటుకుంది రాజా" అన్నాడు. ఊరు ఊరంతా తల ఊపింది.

మూడోసారి అడిగాడు. మరిడమ్మ లేచింది.

"నిప్పు నాది మారాజా."

"నువ్వు కాల్చావా అవ్వా?"

"నేనిచ్చాను. కాల్చింది నా మేనల్లుడు బంగారయ్య, వాడి పక్కనున్న ఆ ఇద్దరూ. ఉసిగొల్పింది పోతురాజు."

బంగారయ్య ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నీకు తలకొరివి పెట్టేవాణ్ణి నేనే అత్తా. మర్చిపోయావా?"

"మర్చిపోలేదురా" అంది. కానీ కూర్చోలేదు.

రాజు పాత చట్టం ప్రకారం తీర్పు చెప్పాడు. కప్పు కాల్చినవాడు కొత్త కప్పు వెయ్యాలి. చేతులు కాలినవాడికి అవి మానేదాకా అన్నం పెట్టాలి. బంగారయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంతేనా, వేసేస్తాం" అన్నాడు. స్నేహితుల్లో ఒకడు నవ్వాడు కూడా. పోతురాజు పేరు రాజు ఎత్తనేలేదు. మాటలన్నవాడికి శిక్ష వెయ్యడానికి చట్టం లేదు మరి.

మరిడమ్మకి మతిపోయింది. "ఒక్క మాట మారాజా. నా పాక ఎవరన్నా కాలిస్తే తీర్పేమిటి?"

"ఇదే."

"నా పాక కాలిస్తే నా మీద కోపంతో కాలుస్తారు. నా పక్కింటివాళ్ళు ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు, వాళ్ళకేం భయం? నిన్న రాత్రి ఆ వీధిలో ఒక్కరూ కన్ను మూయలేదు. మావాడికి ఎజ్రా తాత మీద కోపం లేదు. ఆయన పేరేమిటో కూడా వాడికి తెలీదు. వాళ్ళు ఎటు తిరిగి దండం పెడతారో చూసి కాల్చాడు. అటు తిరిగే మనిషి ఎక్కడున్నా, ఆ మనిషికి పెట్టిన నిప్పది. ఒక్క కప్పు వేస్తే ఎలా ఆరుతుంది?"

రాజు, ఇన్నేళ్ళూ కప్పులే లెక్కపెట్టాను గానీ భయాన్ని లెక్కపెట్టలేదు కదా అని సిగ్గుపడ్డాడు. అప్పటికప్పుడు డప్పు కొట్టించి కొత్త చట్టం చాటించాడు. ఎవరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎటు తిరిగి మొక్కినా, ఆ కారణాన వాళ్ళని కొట్టినవాడికీ కాల్చినవాడికీ మామూలు శిక్ష మీద మరో శిక్ష ఉంటుంది. నిప్పు పట్టుకోకపోయినా, అబద్ధాలు చెప్పి ఇంకొకరిచేత పట్టించినవాడూ ఆ శిక్షలో భాగస్థుడే. అప్పటిదాకా చేసినదానికి పోతురాజు కాలిన ఇల్లు మళ్ళీ కట్టించాలనీ, చెప్పినవన్నీ అబద్ధాలని వీధి వీధినా తన నోటితోనే చాటాలనీ రాజు ఆజ్ఞాపించాడు. కాల్చిన ముగ్గురికీ కప్పు వెయ్యడం ఎలాగూ తప్పలేదు. దాని మీద ఇంకొకటి వచ్చింది. "ఆ వీధివాళ్ళు తమ చేత్తో నిప్పు ఇచ్చేదాకా ఈ ఊళ్ళో ఎవరూ మీకు నిప్పు ఇవ్వకూడదు. మీరు నిప్పు ముట్టకూడదు."

"మరి నాకేం శిక్ష?" అంది మరిడమ్మ.

"నీకు తెలియదు కదవ్వా."

"అడగలేదు కాబట్టి తెలియలేదు మారాజా. అడిగుంటే వాడు నా మొహం చూసి చెప్పాల్సొచ్చేది."

"అయితే అదే నీ శిక్ష, అదే ఈ ఊరి కట్టుబాటు. ఇకనుంచి అడిగి ఇవ్వండి" అన్నాడు రాజు.

మరిడమ్మ పొయ్యి మళ్ళీ వెలిగింది. ఈసారి ఎవరు వచ్చినా, "ఏ పొయ్యికి?" అని అడిగి ఇచ్చింది. షావుకారు భార్యని అడిగింది. పూజారిని అడిగింది. మొదట్లో వాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. లేయమ్మ కొన్ని శనివారాలు రాలేదు. తర్వాత వచ్చింది గానీ పేలాలు తినడానికి కూర్చోలేదు. కూర్చోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

బంగారయ్య స్నేహితులిద్దరూ ఆ వీధికి వెళ్ళి తలొంచుకుని నిప్పు అడిగి తెచ్చుకున్నారు. వాడు మాత్రం వెళ్ళలేదు. ఎవరో వండిపెట్టిన చల్లటి కూడే తిన్నాడు. "ఒక్కసారి వెళ్ళి అడగరా" అని అత్త కబురంపితే, "నువ్వు చస్తే నిప్పు పెట్టేవాడు లేడు, చూసుకో" అని కబురంపాడు. ఆమె ఆ మాట విని మంగలం దగ్గరే కూలబడిపోయింది. అయినా తను చెప్పిన సాక్ష్యం తప్పని ఏనాడూ అనలేదు.

ఎన్నో వానాకాలాలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం మరిడమ్మ పొయ్యి పక్కనే పోయింది. ఊరంతా వచ్చింది. తలకొరివికి ఎవరన్నది ఎవరికీ తోచలేదు. పొద్దువాలకముందే కానిచ్చేద్దాం, ఎవరో ఒకరు పెట్టేద్దాం అన్నారు పెద్దలు. అప్పుడు బంగారయ్య వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. అత్త మొహం చూశాడు. ఒక పిడక తీసుకుని ఊరి చివరికి నడిచాడు.

లేయమ్మ ముసలిదైపోయింది. గుమ్మంలో ఎవరున్నారో చూసి చెయ్యి తలుపు మీదికి పోయింది. చుక్కలు ఇంకా పొడవలేదు. వాళ్ళ ఇంట్లో నిప్పు లేదు. "రాత్రి దాకా లేదు" అంది. "కూర్చుంటాను" అన్నాడు. వీధిలో, మట్టిలో కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసి ఊరు శవాన్ని ఎత్తకుండా ఆగింది. అలా పొద్దుగూకేదాకా ఆగడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు.

మూడు చుక్కలు పొడిచాయి. మరిడమ్మ పొయ్యి ఇక లేదు కనుక లేయమ్మ చెకుముకి రాయి తీసి, తనే కొట్టి నిప్పు చేసింది.

"ఏ పొయ్యికి?" అని అడిగింది.

ఆమె మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగాక వాడు చెప్పాడు.

"మా అత్త చితికి."

"ఇస్తాను. నీ మీద నమ్మకంతో కాదు. నిప్పుతోపాటు నేనూ వస్తాను."

ఆమె పిడక మీద కణికలు వేసింది. వాడు ముందు నడిచాడు. ఆమె కర్ర పోటేసుకుంటూ, ఆ నిప్పు మీంచి చూపు తిప్పకుండా, కాటిదాకా వెనకే నడిచింది.

ఇప్పటికీ మొగలిరేవులో ఎవరన్నా నిప్పు అడిగితే, బీడీకి అగ్గిపుల్ల అడిగినా సరే, "ఏ పొయ్యికి?" అంటారు. కొత్తవాళ్ళు విస్తుపోతారు. జవాబు చెబితేనే ఇస్తారు. ఇచ్చి లోపలికి పోరు. నిప్పు పట్టుకెళ్ళేవాడి వెంట నాలుగడుగులు నడిచి, అది ఎటు వెళ్తుందో చూసి మరీ వెనక్కి వస్తారు.