ఊయలగుడ్డ మీద గుడ్లగూబ

తూర్పు సముద్రపు రేవుల సుంకంతో వర్ధిల్లిన ఒకానొక రాజ్యాన్ని సూరభూపతి ఏలుతుండేవాడు. తన మాటకు తిరుగులేదని ఆయన నమ్మకం. తన శాస్త్రానికి తిరుగులేదని ఆస్థాన శకునపండితుడు విశ్వపతి సోమయాజి నమ్మకం. ఈ రెండు నమ్మకాల నడుమ బతికి బట్టకట్టడమే ఆ సభలో అందరూ నేర్వవలసిన విద్య. అందులో ఆరితేరినవాడు మాచన. రాజును నవ్వించడం అతని కొలువు.

ఆ ఏడు అతనికి కొలువులో పని లేకపోయింది. నెలల పసికందు యువరాజు ఒళ్ళు కాలి ఊయలలోనే కన్నుమూశాడు. ఊయలలో పరిచిన పట్టుగుడ్డను వంగసీమలోని గౌడదేశం నుంచి వచ్చి స్థిరపడిన నిమాయి అనే నేతగాడు నేశాడు. దాని అంచున లక్ష్మీదేవి పాదాల చెంత ఒక గుడ్లగూబ ఉంది. అంతవరకు దాన్ని ఎవరూ పరకాయించి చూడలేదు. బిడ్డను ఎత్తినప్పుడు సోమయాజి చూశాడు.

"మృత్యువును తెచ్చి పసివాడి పక్కలో పరిచారు, ప్రభూ!" అన్నాడు.

నిమాయిని పట్టి తెచ్చి చెరలో వేశారు. ఇంతలో రాజుకు మిగిలిన ఒక్కగానొక్క కూతురికీ ఒళ్ళు కాలసాగింది. వైద్యుడు పరుగున వస్తే సోమయాజి అతణ్ణి వాకిటనుంచే వెనక్కి పంపాడు.

"ఇది రోగం కాదు, దోషం. దోషం తెచ్చినవాడి తల తెగితే పిల్ల ఒళ్ళు దానంతట అదే చల్లబడుతుంది."

మర్నాడు ఉదయం సభ తీరింది. చేతులు వెనక్కి విరిచి కట్టిన నిమాయిని రాజు ముందు మోకాళ్ళ మీద నిలిపారు.

"మా దేశంలో అది లక్ష్మీదేవి వాహనం, మహారాజా! బిడ్డ ఉన్న ఇంట సిరి నిలవాలని నేశాను. నాకూ పిల్లలున్నారు" అన్నాడతను.

"మీ దేశమట!" సోమయాజి పెదవి విరిచాడు. "దేశాన్ని బట్టి విషం అమృతమవుతుందట్రా?"

మరణశాసనం సిద్ధంగా ఉంది. రాజముద్ర పడనిదే ఎవరి తలా తెగరాదని ఆ వంశపు పెద్దలు పెట్టిన కట్టడి. ముద్రాధికారి లక్క కరిగిస్తున్నాడు. ఆ వాసన సభంతా వ్యాపించింది. తన మాట ఒక్కటి తప్పు పడితే ఆ లక్క తన పేరు మీద కూడా పడుతుందని మాచనకు తెలుసు. అయినా లేచాడు.

"సోమయాజిగారూ, నా మందబుద్ధికి ఒక్క సందేహం. ఒక జంతువు చెడ్డదని ఏదో ఒక్క దేశంవారికే తెలుసుననుకోండి. తక్కిన లోకానికి తెలియదు. అప్పుడు అది చెడ్డదా, కాదా?"

"ఓయీ, తెలియనంత మాత్రాన చెడుగు పోతుందా? దోషం జంతువులోనే ఉంటుంది. తెలిసినవాడు ఒక్కడుంటే చాలు."

మాచన రాజువైపు తిరిగి చేతులు జోడించాడు. "అయితే ప్రభూ, ఈ ఒక్క గుడ్లగూబతో ఆగితే ఎలా? మనకు తెలియని మృత్యుచిహ్నాలు కోటలో ఇంకెన్ని ఉన్నాయో! రేవులో నానాదేశాలవారూ దిగి ఉన్నారు. వారిలో ఎవరు దేన్ని చెడ్డదంటే దాన్ని ముందు తీయించండి. అమ్మాయిగారి ప్రాణం కదా."

కూతురి మాట చెవిన పడగానే రాజు ముఖం మారిపోయింది. "తీయించండి. ఏ చిహ్నమైనా సరే, నా కోటలో క్షణం ఉండరాదు. ఇది నా ఆన!" అన్నాడు.

వర్తకులను పిలిపించారు. పరంగి ఓడ నాయకుడు వచ్చీరాని తెలుగులో మొదలుపెట్టాడు. "మావాళ్ళు నెమలీకలు ఇంట్లో ఉంచరు, దొరా. ఆ ఈకల మీద ఉన్నవి దిష్టికళ్ళు. ఇల్లు నాశనమంటారు."

రాజుకు అటూ ఇటూ వీస్తున్న నెమలిపింఛాల వింజామరలు బయటికి వెళ్ళాయి.

"ఇంకా ఉంది. మా గ్రంథంలో మృత్యువు పాలిపోయిన గుర్రం ఎక్కి వస్తుంది."

సూరభూపతి పట్టపుగుర్రం వెన్నెలలా తెల్లనిది. దాన్ని ఊరవతలికి తోలారు.

"మ్లేచ్ఛుల మాట పట్టుకుని ఇదేమిటి, ప్రభూ!" అన్నాడు సోమయాజి.

"తెలిసినవాడు ఒక్కడుంటే చాలన్నారు కదా, స్వామీ" అన్నాడు మాచన నెమ్మదిగా.

చీనా పట్టు వర్తకుడు రాజు కూర్చున్న కూర్మపీఠం వైపు చూసి తల దించుకున్నాడు. "మా ఊళ్ళో మగవాణ్ణి తాబేలంటే కత్తి దూస్తాడు. అది ఇల్లాలి నడతను అనుమానించే తిట్టు. అంతకుమించి అంతఃపురం వినేలా చెప్పదగదు."

రాజు చప్పున లేచాడు. పీఠం వెళ్ళిపోయింది. తాతల నాటి సింహాసన మండపంలో రాజు, నేతగాడు, ఇద్దరూ ఒకే నేల మీద మిగిలారు.

చివరివాడు అరబ్బు గుర్రాల వర్తకుడు. అతను ముద్రాధికారి వైపు ఓసారి చూసి వెనక్కి తగ్గాడు.

"చెప్పవయ్యా" అన్నాడు రాజు.

"అభయమిస్తేనే, ప్రభూ."

"ఇచ్చాను."

"మేము పందిని ముట్టము. దాని బొమ్మ ఉన్న వస్తువునూ ఇంట్లోకి రానివ్వము."

ముద్రాధికారి చేయి శాసనం మీద గాలిలో ఆగిపోయింది. ఆ చేతిలోని రాజముద్ర మీద, కోరల మీద భూమిని ఎత్తిన వరాహం ఉంది.

సోమయాజి భగ్గుమన్నాడు. "అపచారం! అది సాక్షాత్తూ విష్ణుమూర్తి అవతారం! ఈ పరదేశికేం తెలుసు?"

"ఇంతసేపూ నిమాయి చెబుతున్నదీ అదే కదండీ" అన్నాడు మాచన. "ప్రభూ, ముద్ర చెడ్డదైతే మీ ఆన ప్రకారం దాన్ని బయట పారవేయాలి. అప్పుడు ఈ శాసనం చెల్లదు. ముద్ర మంచిదంటారా, ఏ జంతువు మహిమ ఆ జంతువును కొలిచేవారికే తెలుస్తుందని ఒప్పుకున్నట్టే. అప్పుడు ఇతని తప్పు లేదు. ఏది సెలవు?"

సూరభూపతి ఖాళీ అయిన మండపాన్ని కలయజూశాడు. తన కాళ్ళకిందికి చూసుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. బిడ్డ పోయిన తర్వాత సభ విన్న మొదటి నవ్వు అది. అది సగంలోనే తెగిపోయింది. సభికులు తలలు వంచుకున్నారు.

"కట్లు విప్పండి" అన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి మాచన మెడలో వేశాడు. "ఇంకేం కావాలి?"

"ఈ నేతగాడు రేవు దాటేదాకా ఆ ముద్రను పెట్టెలో పెట్టించండి, ప్రభూ."

రాజు ముద్రాధికారికి సైగ చేశాడు. సభ చెదిరింది. అందరూ వెళ్ళాక ఆయన మాచనను దగ్గరకు పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మరి నా కొడుకు ఎందుకు పోయాడురా?"

అంతటి మాటకారి ఈసారి చమత్కారం జోలికి పోలేదు.

"జ్వరం, మహారాజా."

సూరభూపతి అంతఃపురం వైపు నడుస్తూ, ద్వారపాలకుణ్ణి పిలిచి, వాకిటనుంచి తరిమేసిన వైద్యుణ్ణి వెంటనే తీసుకురమ్మన్నాడు.