పొగ ఆగిన పంజరం

అనగనగా చంద్రవంకపురంలో ఒక రాజుండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణిధరుడికి ఏటి అవతలి రాజుగారమ్మాయి సంపెంగవల్లితో పెళ్లి కుదిరింది. రోజూ సాయంకాలం ఆ పిల్ల పాడితే, పాట నీళ్ల మీద పరుచుకుంటూ ఇవతలి ఒడ్డుకు వచ్చేది. అది వింటేగానీ మన మణిధరుడికి ముద్ద దిగేది కాదు!

కట్టుముద్రల మాంత్రికుడని ఒకడు ఆమె మీద కన్నేశాడు. ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోతూ, ఎవరూ ఒకరినొకరు పిలుచుకుని వెంటపడకుండా చంద్రవంకపురానికి మంత్రంతో కట్టు కట్టేశాడు. ఇక మనుషులు కదలొచ్చు గానీ, తక్కినవి ఎక్కడివి అక్కడే! దీపం పెడితే వెలుగు వత్తి దాటదు. మల్లె పూస్తే వాసన రేకు దాటదు. తల్లి పిలిస్తే పిలుపు పెదవి దాటదు. మణిధరుడు ఏటి ఒడ్డున నిలబడి "సంపెంగా!" అని గొంతు చించుకునేవాడు. ఆ కేక గడ్డం కిందే రాలిపోయేది పాపం.

పెద్దన్న సైన్యంతో వెళ్లి మొదటి సముద్రం దగ్గరే వెనక్కొచ్చాడు. నడిపన్న ఓడలతో వెళ్లి మూడో సముద్రం నుంచి వెనక్కొచ్చాడు. చిన్నవాడు ఒట్టి చేతులతో వెళ్లాడు. దారిలో వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"బాబూ, వాడి ప్రాణం చిలకలో ఉంది. కోటలో చిలకలు మూడు వందలు. ఏదో నాకూ తెలీదు. తప్పు పంజరం తెరిచావో, రాయైపోతావు. ఇవాళే వాడి పెళ్లి!" అంది.

మణిధరుడు కోటగోడ దగ్గరికి వెళ్లేసరికి లోపలినుంచి ఒక గొంతు వినబడింది.

"తలంటు పోసుకున్నాను. జుట్టుకు సాంబ్రాణి పట్టనిదే పీటల మీద కూర్చోను."

"ఇప్పటికిప్పుడు సాంబ్రాణి ఎక్కడ తేను?"

"పెళ్లి చేసుకునేవాడివి నువ్వు, నన్నడుగుతావేం?"

సంపెంగ! మూడు నెలలకు విన్నాడా గొంతు. కళ్లయినా తుడుచుకోకుండా సంతకు పరుగెత్తాడు. ముఖానికి మసి పూసుకుని, ధూపం మూకుడు పట్టుకుని "సాంబ్రాణమ్మా, సాంబ్రాణి!" అంటూ కోటముందు తిరిగాడు. మాంత్రికుడే ఎదురొచ్చి లోపలికి లాక్కుపోయాడు.

"ముందు చిలకలకు వెయ్యాలి దొరా, శుభం!"

"ఏదో ఒకటి, త్వరగా కానీ!"

పొగ పంజరం పంజరానికీ పాకింది. చిలకలన్నీ తుమ్ములే తుమ్ములు! ఒక్క పంజరం దగ్గర మాత్రం పొగ జానెడు దూరంలో ఆగిపోయింది. ప్రాణం భద్రంగా ఉండాలని మాంత్రికుడు దానికీ అదే కట్టు కట్టాడు, తెలివి తక్కువ దద్దమ్మ! మణిధరుడు తలుపు తీసేశాడు.

"ఒరే, దాని మెడ నులమకురా!"

"నులమను మామా. ఎగరనిస్తాను."

చిలక పైకెగిరే కొద్దీ మాంత్రికుడు పలచబడ్డాడు. అది మబ్బుల్లో కలిసేసరికి వాడూ గాలిలో కలిసిపోయాడు. అక్కడ చంద్రవంకపురం కట్టు పుటుక్కున తెగింది. మణిధరుడు సంపెంగను తాబేలు వీపు మీదే ఇంటికి తీసుకొచ్చాడు.

పెళ్లి పదహారు రోజులు చేశారు. మణిధరుడు రాజై నలభై ఏళ్లు ఏలాడు. అన్నేళ్లూ పక్కనే కూర్చున్న భార్యను మిద్దెలు అదిరేలా పిలిచేవాడట.

"ఇక్కడే ఉన్నానుగా! ఎందుకండీ ఆ కేకలు?" అని ఆవిడ కసురుకునేది.

"నీక్కాదే, ఊరికి వినబడాలి," అనేవాడట ఆ మహారాజు.