నక్కబావ ఆపిన నెమరు

ముళ్లకంప తప్ప ఇంకేం మొలవని బీడులో ఎండను కరెంటు చేసే పలకలు వెలిశాయి. వాటి పక్కన ఆ కరెంటును దాచే తెల్ల పెట్టె ఒకటి వచ్చింది. చూస్తూండగానే ఆ ఒక్కటీ పెట్టెల మందయింది. దాంతో పొద్దు వాలాక కూడా మోటారు తిరిగి తొట్టి నిండసాగింది. మేత నుంచి వచ్చే నోళ్లన్నీ ఆ తొట్టి దగ్గరే తడిసేవి.

నక్కబావ ఊరుకుంటాడా? పెట్టె నీడన పడుకుంటున్నాడు కాబట్టి పెట్టెలకు కాపరి తనేనని చాటుకున్నాడు. తను కన్నెర్ర చేస్తే నీళ్లు రావని బెదిరించి కోడిపెట్ట దగ్గర రోజూ గుడ్డు రాబట్టాడు. పెట్టెలో ఏముందో ఆయనకూ తెలీదు. ఆ మాటకొస్తే తన బుర్రలో ఏముందో కూడా తెలీదు. అందరూ తెలివి అనేవారు, ఆయన కాదనేవాడు కాదు.

చిరాకల్లా ఒక్కటే, చప్పుడు. పెట్టెల పక్కనున్న చిన్న బీరువా ఎప్పుడూ గుయ్యిమంటూ ఉండేది. ఇటు తిరిగితే ఎద్దుమామ నెమరు. తిన్నదాన్నే మళ్లీ తింటావేమిటని మామను వెక్కిరించడం బావకు అలవాటు. ఆ మధ్యాహ్నం నిద్ర పట్టక లేచి, బీరువా మీదున్న ఎర్ర గుండీని కాలితో నొక్కాడు. గుయ్యి ఆగింది. హాయిగా పడుకున్నాడు.

పొద్దు వాలింది. తొట్టిలో చుక్క లేదు. మందంతా వచ్చి నిలబడింది. అందులో ఆయన పెళ్లాం నక్కమ్మ, నాలుకలు వేలాడేసిన పిల్లలూ ఉన్నారు.

పెట్టెలు నిండుగానే ఉన్నాయని, కంగారు పడొద్దని బావ అందరికీ నచ్చజెప్పబోయాడు.

"ఏమయ్యా, పిల్లలకు నీళ్లు పట్టమంటే పెట్టెలు చూపిస్తావే?" అంది నక్కమ్మ.

మధ్యాహ్నం నొక్కిన గుండీ గుర్తొచ్చి బావ బీరువా దగ్గరికి పరుగెత్తాడు. గుండీని మళ్లీ నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఎద్దుమామ నెమరు మాత్రం తాపీగా వినిపిస్తోంది.

"మామా, నువ్వు నెమరు వేయకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు నీరసంగా.

"మేసింది కడుపులోనే ఉంటుంది. ఒంటికి పట్టదు," అన్నాడు మామ.

అప్పుడు వెలిగింది బావకు. పెట్టెలు మేసిన కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చేది ఆ గుయ్యిమనే బీరువాయే. దాని నెమరునే తను ఆపేశాడు. నొక్కడమైతే నొక్కాడుగానీ విడిపించడం ఎలాగో తెలీదు. చేతనైన విద్య ఒక్కటే ఉంది. గుండీని పళ్లతో పట్టుకుని కోడి మెడ తిప్పినట్టు తిప్పాడు. అది టక్కున పైకి లేచింది. గుయ్యి మొదలైంది, తొట్టిలోకి నీళ్లు దూకాయి. కోడిపెట్ట మాత్రం మెడ లోపలికి లాక్కుంది.

పిల్లలు తాగుతుంటే చూసి బావ సిగ్గుగా నవ్వాడు.

"నా బుర్ర కూడా ఇన్నాళ్లూ నిండుగానే ఉంది మామా. నెమరు వేయడమే లేదు."

మర్నాటి నుంచి కోడిపెట్ట గుడ్డు తెచ్చి బీరువా ముందు పెట్టసాగింది. బీరువాకు నోరు లేదని బావ ఎంత మొత్తుకున్నా వినలేదు. పైగా ఆ గుడ్డును ఎవరూ ముట్టకుండా చూడమని ఆయనకే అప్పజెప్పింది, ఎంతైనా కాపరి కదా.

నీతి: ఎంత దాచామన్నది కాదు, దాచినదాన్ని పనికొచ్చేలా ఎంత మార్చామన్నదే లెక్క.