గోపన్న పట్టిన ఏకాదశి

ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పడం నాంచారమ్మగారికి అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. పదేళ్ళుగా ఆవిడ ఆశ్రమంలో ఉంటున్న పేరిశాస్త్రికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా, ఒక ఏకాదశి పొద్దున ఆవిడ ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మాటామాటా వచ్చి మా అన్నయ్యగారింటి గడప తొక్కడం మానేసి మూడేళ్ళయింది. నిన్న వాళ్ళమ్మాయి పెళ్ళి శుభలేఖ వచ్చినా మనసు ఇంత కూడా కదల్లేదు. ఇది వైరాగ్యమే కదా?"

ఆవిడ తులసిమాల కడుతూనే, "గోపన్నకు రొట్టె పెట్టి రా నాయనా" అన్నారు.

గోపన్న ఆశ్రమం కుక్క. కూనగా వానలో తడుస్తుంటే ఉత్తరీయంలో చుట్టి తెచ్చుకున్నది శాస్త్రే. నైవేద్యమయ్యాక చక్కెరపొంగలి మొదటి ముద్ద వాడిదే. అలాంటి గోపన్న ఆ పూట జొన్నరొట్టె వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. శాస్త్రికి ఒళ్ళు గగుర్పొడిచింది.

"అమ్మా! గోపన్న ఏకాదశి ఉంటున్నాడు!"

ద్వాదశినాడు పారణకు పిలిచినా వాడు రాలేదు. త్రయోదశినాడు పాలు మాత్రం నాకాడు. క్షీరాహార దీక్ష అని శాస్త్రి అందరికీ చెప్పాడు. ఊళ్ళో ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో వచ్చి వాడి నుదుట బొట్టు పెట్టి వెళ్ళారు. దగ్గరికి వెళితే వాడి నోరు గుప్పున కంపు కొట్టేది. శాస్త్రి మరో గుప్పెడు సాంబ్రాణి వేశాడు.

"ఆ చొంగేమిటి శాస్త్రిగారూ?" అంది వంటశాల చూసే సుభద్రమ్మ.

"ఆనందబాష్పాలమ్మా."

"అవి కళ్ళల్లోంచి కదండీ రావాలి?"

శాస్త్రి వాడి మూతి తుడిచి మళ్ళీ బొట్టు పెట్టాడు. కాని ఆ సాయంత్రం పాలగిన్నెలో ఎర్రటి చార కనిపించింది. "అమ్మా, రక్తం!" అంటూ పరుగెత్తాడు.

నాంచారమ్మగారు వచ్చి గోపన్న పక్కన కూర్చున్నారు. "వాడి పెదవి ఎత్తు" అన్నారు.

ఎత్తాడు. లేత గులాబిరంగులో ఉండవలసిన చిగుళ్ళు మందారంలా ఎర్రబడి వాచి ఉన్నాయి. దవడపళ్ళ మొదట్లో ముదురుపాకం గట్టిపడ్డట్టు గార పేరుకుపోయింది.

పశువుల డాక్టరు మస్తాన్‌గారు మత్తిచ్చి, గారంతా గీకి, కదిలిపోయిన రెండు పళ్ళు తీశారు.

"ఎన్నాళ్ళుగా ఓర్చుకుంటున్నాడో పాపం! ఇంకా ఆలస్యమైతే దవడ ఎముకకు పట్టేది. నోరు కంపు కొట్టినప్పుడే, ఒక పక్కనే నములుతున్నప్పుడే చూడాలి స్వామీ. మీరేమో సాంబ్రాణి వేశారు! పుండు మానాక రోజూ మెత్తటి బ్రష్షుతో తోమండి. మన పేస్టు వద్దు, వాడికి ఉమ్మడం రాదు. కుక్కల పేస్టు వేరే ఉంది. పొంగలి మానిపించండి."

శాస్త్రి ఉత్తరీయంతో కళ్ళొత్తుకున్నాడు.

"ఇవీ ఆనందబాష్పాలేనా?" అంది సుభద్రమ్మ.

పక్షం తిరిగి మళ్ళీ ఏకాదశి వచ్చింది. శాస్త్రి ఫలహారానికని ఉడకబెట్టుకున్న చిలగడదుంపలు, ఆయన సంధ్య వార్చుకుని వచ్చేలోపలే గోపన్న ఒక్కటి మిగల్చకుండా తినేసి మూతి నాక్కుంటున్నాడు. శాస్త్రి పొంగిపోయాడు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, పళ్ళు తోముతూ, అటుగా వచ్చిన నాంచారమ్మగారిని చూసి అన్నాడు:

"అమ్మా, ఆనాటి నా ప్రశ్నకు మీరు జవాబే చెప్పలేదు."

"మీ అన్నగారింట్లో పెళ్ళి ఎల్లుండి కదూ?"

శాస్త్రి చేతిలో బ్రష్షు ఆగింది.

"అది కడిగి పెట్టి, వెళ్ళి రా" అన్నారావిడ. "వాడి పెదవి ఎత్తి చూడడం నేర్చుకున్నావుగా నాయనా."