బయటికి రాని కుందేలు

జుబైర్‌కి ఏం జరుగుతోందో అంతుపట్టడం లేదు. ఫెర్రెట్ బొరియలోకి దూరి గంట దాటింది. అదీ బయటికి రాలేదు, కుందేళ్ళూ రాలేదు.

ఫెర్రెట్ అంటే మన ముంగిసకి దూరపు చుట్టంలాంటి జంతువు. సన్నగా ఉంటుంది, ఎంత ఇరుకులోకైనా దూరిపోతుంది. స్పెయిన్ దక్షిణాది కొండల్లో, అరబ్బులు ఏలిన రోజుల్లో, దాన్ని కుందేళ్ళ వేట కోసం పెంచేవాళ్ళు. బొరియకున్న కన్నాలన్నిటికీ వలలు పరిచి, ఒక కన్నంలోంచి దీన్ని లోపలికి వదులుతారు. దాని వాసన తగిలిందా, కుందేళ్ళు ప్రాణభయంతో బయటికి దూకి వలల్లో పడతాయి. వేటగాడు కూర్చుని ఏరుకోవడమే.

జుబైర్ ఈ పనిలో ఆరితేరినవాడు. ఎక్కడో ఉత్తరాది ఊళ్ళో పుట్టి, అక్కడే వేటాడి, విరక్తి పుట్టి ఈ కొండమీది సూఫీ గురువు షేక్ తాహిర్ దగ్గర చేరాడు. అన్నీ వదిలేసి వచ్చానని చెప్పుకునేవాడు గాని, ఫిద్దాని మాత్రం చంకనేసుకుని వచ్చాడు. ఫిద్దా అంటే ఈ ఫెర్రెటే. కళ్ళు తెరవకముందే దాని తల్లి చచ్చిపోతే, గుడ్డపేలిక పాలలో ముంచి చప్పరింపించి బతికించుకున్నాడు మరి.

మఠంలో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది అతనే. ఏళ్ళ తరబడి ఒకటే పాఠం. "నరకాన్ని తలుచుకోండి, చాలు. కాళ్ళు వాటంతటవే దేవుడి వైపు పరిగెడతాయి. భయానికి కదలని ప్రాణి లేదు. కావాలంటే నా వెంట వేటకి వచ్చి చూడండి." నిన్న సాయంత్రం షేక్ ఎదుట కూడా ఇదే దంచాడు. ముసలాయన ఔననలేదు, కాదనలేదు. అసలు విన్నాడో లేదో కూడా తెలీదు.

ఇవాళ చూస్తే ఇదీ వరస. నెల కిందట ఇదే బొరియలోంచి దూకిన కుందేళ్ళకి వలలు సరిపోలేదు. ఆ తర్వాత, ఈ ఆరేళ్ళలో ఎప్పుడూ లేనట్టు, చలికాలం మొదట్లోనే వానలు పడ్డాయి, కొండంతా పచ్చబడింది. ఇంకేం, కుందేళ్ళు బలిసుంటాయి అనుకున్నాడు జుబైర్. వాళ్ళ ఊరి వైపు కుందేళ్ళు చలి వదిలాక గాని ఈనవు, చలికాలం పొడుగునా వేటే.

నేలకి చెవి ఆనించాడు. లోపల ఏదో కాలితో నేలని తన్నిన చప్పుడు. అంటే ఉన్నాయి. మరి దూకవేం? వలలన్నీ మళ్ళీ సరిచూశాడు. తన వాసన పసిగట్టాయేమోనని చేతులు వాసన చూసుకున్నాడు. తవ్వుదామంటే పైన బండరాయి. ఫిద్దా లోపల ఇరుక్కుపోయిందేమోనన్న ఆలోచన రాగానే అతనికి ఏడుపొచ్చింది. వాన మొదలైంది. కొండమీంచి మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. జుబైర్ కదల్లేదు.

నమాజయ్యాక షేక్ కర్ర పట్టుకుని మెల్లిగా దిగి వచ్చాడు.

"ఏం, నమాజుకి రాలేదేం?"

"ఫిద్దా లోపలే ఉండిపోయింది బాబా."

"లే. పోదాం."

"అది వచ్చాక వస్తాను."

షేక్ కర్ర పైకెత్తాడు. "ఇప్పుడు లేవకపోతే నీకు మఠంలో చోటు లేదు. మళ్ళీ నా గడప తొక్కకు."

ఆరేళ్ళలో ఆయన నోట ఇలాంటి మాట జుబైర్ ఎన్నడూ వినలేదు. భయపడిపోయాడు. ఆ మఠం తప్ప అతనికి వేరే దిక్కు లేదు. అయినా కన్నం మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

"కొట్టండి బాబా. దాన్ని వదిలేసి రాలేను."

షేక్ కర్ర కింద పడేశాడు. బురదలోనే అతని పక్కన చతికిలబడి, తన కంబళి సగం అతని మీద కప్పాడు. జుబైర్‌కి ఉన్న మతి కూడా పోయింది.

"మీ కోపం పోయిందా బాబా?"

"వస్తేగా పోవడానికి."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఎంతసేపటికో కన్నంలో తెల్లగా కదిలింది. ఫిద్దా వచ్చింది. పొట్ట నిండి, నిద్రమత్తులో తూలుతోంది. జుబైర్ దాన్ని గుండెకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. దాని మూతికి నెత్తురు, నెత్తురుకి అంటుకుని బూడిదరంగు బొచ్చు.

షేక్ ఆ బొచ్చు వేళ్ళతో తీసి జుబైర్ అరచేతిలో పెట్టాడు. "మా వైపు వానపడి గడ్డి మొలిస్తే చాలు, కుందేళ్ళు ఈనేస్తాయి. చలి పోయేదాకా ఆగవు. తల్లి తన పొట్టమీది బొచ్చు పీక్కుని పిల్లలకి పక్క వేస్తుంది."

జుబైర్ ఆ బొచ్చుని వేలితో తడిమాడు. దూదికన్నా మెత్తగా ఉంది.

"మరి ఇది మీదికొస్తుంటే ఆ తల్లి ఎందుకు పారిపోలేదు బాబా? ఇన్ని దారులున్నాయి కదా. భయం వేయలేదా దానికి?"

"వేసే ఉంటుంది" అన్నాడు షేక్. "నేను కర్ర ఎత్తితే నీకు వేయలేదూ?"